కింది వాటా

ఇంటి ఓనరంటే జనానికి ఒక లెక్కుంది. కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడనీ, ఒకటో తారీకు రాగానే డబ్బు నడుచుకుంటూ వచ్చి ఒళ్లో పడుతుందనీ. అలా అనుకునేవాళ్లని తీసుకొచ్చి మా కండక్టర్ గారింట్లో ఒక్క నెల కూర్చోబెట్టాలి. మోటారు కాలిపోతే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, మెట్ల మీద బల్బు ఎవరి మీటరు మీద వెలగాలి, మేడ మీద ట్యాంకు పొంగితే ఎవరు పరిగెత్తాలి, ఇవన్నీ తేలేలోపు వాళ్లకే తెలిసొస్తుంది. అందరికీ ఆయన మీదే కోపం, ఆయనకి కోపం తెచ్చుకునే తీరికుండదు.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ కండక్టర్ గారే, పేరుతో ఎవరికీ పని పడలేదు. ఉద్యోగం వదిలినా అలవాట్లు ఆయన్ని వదల్లేదు. ఇంటికి ఎవరొచ్చినా "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటాడు, గది మొత్తం ఖాళీగా ఉన్నా సరే. నోట్లు చేతికొస్తే నిలువుగా మడిచి వేళ్ల సందున పెట్టుకుంటాడు. ఇంటి లెక్కలకి మూడు బిస్కెట్ డబ్బాలు పెట్టాడు. ఒకటి పన్నుకి, ఒకటి రిపేర్లకి, ఒకటి తిండికి. అద్దె రాగానే మూడింట్లోనూ వేస్తాడు. నెల మధ్యలో రిపేర్ల డబ్బా మిగతా రెండింటినీ తినేస్తుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈయన ఇల్లు కట్టే చూశాడు, అదే చాలింది. బ్యాంకు అప్పుతో మూడంతస్తులు లేపాడు. కింద రెండు గదులు తమకి. మధ్యలో రెండు గదులు అద్దెకి. పైన రేకులేసిన రెండు గదులు సామాన్లు పడేసుకోవడానికి. మొదట్లో అంతా అనుకున్నట్టే నడిచింది. భార్య కింద వీధి గుమ్మంలో కూర్చునేది. అబ్బో, ఆవిడ గుమ్మం మనిషి. కూరల బండి ఆవిడ దగ్గర ఆగకుండా ముందుకి కదిలేది కాదు. ఏ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరి పిల్లాడు పరీక్ష తప్పాడో, ఏ పిల్లి ఎవరి ఇంట్లో ఈనిందో అన్నీ ఆవిడకి తెలియాల్సిందే. కుర్చీ కూడా అక్కర్లేదు, గడప చాలు.

తర్వాత బ్యాంకు కిస్తీ మెడ మీదికొచ్చింది. "కింది వాటాకి వీధి గుమ్మం ఉంది. షాపుకైనా తీసుకుంటారు, అద్దె బాగా వస్తుంది. మనం ఒక్క ఏడాది పైకి పోదామే" అన్నాడు ఆయన.

"సామాన్ల గదిలోకా?" అంది ఆవిడ.

"ఏడాదే కదా."

"ఏడాదే కదా" అని ఆవిడ కూడా అని, గిన్నెలు సర్దుకుని ఎక్కింది. ఆ ఏడాది ఇంకా అయిపోలేదు.

ఇక్కడే జరిగింది అసలు తప్పు. మామూలుగా దొంగలు చేసే తప్పు కాదు ఇది, ఇల్లున్న చిన్నపాటి మనుషులు మాత్రమే చేసే తప్పు. మా ఊళ్లో ఓనరే ఉంటున్న వాటాకి పన్ను తక్కువ, అద్దెకిచ్చిన వాటాకి దాదాపు మూడింతలు. కింది వాటా మొదటి నుంచీ సొంత నివాసం అనే రాసి ఉంది. వాటా మారితే ఆఫీసులో చెప్పాలి. ఆయన బావమరిది పన్నులాఫీసు ఎదురుగా గొడుగు కింద బల్ల వేసుకుని జనానికి ఫారాలు నింపి పెడతాడు. ఈ ఇంటి ఫారం కూడా ఏటా అతనే నింపేవాడు.

"ఏడాది కోసం ఏం మారుస్తావు బావా? మళ్లీ మీరు కిందికి దిగినప్పుడు మళ్లీ మార్చాలి. ఉన్న కాగితం ఉండనీ, దాన్ని కదపకు" అన్నాడు.

కండక్టర్ గారు సరేనన్నాడు. టిక్కెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి, వాడు ముసలివాడైనా సరే, పక్క స్టాపులో దించేసిన మనిషి ఆయన. తనే టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేస్తున్నట్టు ఆయనకి తోచనే లేదు. కాగితం మీద ఆయన కింద ఉన్నాడు, సామాన్లు పైన ఉన్నాయి. ఏటా కింది వాటాకి తక్కువ పన్ను, మధ్య వాటాకి ఎక్కువ పన్ను. రెండూ గడువు దాటకుండా కట్టేవాడు.

కింద టైలర్ దిగాడు. మంచివాడే, చేతి పని బాగుంటుంది. గోడకి మిషన్లు ఆనించి, వీధి వైపు బోర్డు పెట్టి, లోపలి గదిలో పెళ్లాం పిల్లలతో కాపురం పెట్టాడు. అగ్రిమెంటు రాసుకోలేదు. రాస్తే కాగితం మీదికి ఎక్కుతుంది కదా మరి. రసీదులు కూడా లేవు. అద్దె ఓ మోస్తరుగా ఇచ్చేవాడు, పెంచమంటే "రసీదు ఇవ్వండి బాబాయ్ గారూ, పెంచుతా" అని నవ్వేవాడు. ఈయనా నవ్వేసేవాడు.

అలా ఉండగా ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. టైలర్ ఇచ్చిన అడ్వాన్సుతో సహా ఇంట్లో ఉన్నదంతా ఆసుపత్రి మింగేసి మనిషిని తిరిగి ఇచ్చింది. నలుగురు పట్టుకుని పైకి ఎక్కించారు. మంచం మీద పడుకోబెడితే ఆవిడకి కనిపించేది రేకులూ, కిటికీలోంచి పక్కింటి వాటర్ ట్యాంకూ, ఇంకాస్త ఆకాశమూ. వీధి మాటలు పైకి వినపడతాయి కానీ ఎవరు ఎవరితో అంటున్నారో తెలియదు. అంతటి మనిషి తల తిప్పి చెవి ఒగ్గి వింటూ ఉండేది.

కొన్ని నెలలకి ఒక్క మాట తిరిగొచ్చింది. "కిందికి."

పొద్దున్నే మంచినీళ్లు తాగిస్తుంటే "కిందికి" అనేది. అన్నం పెడుతుంటే "కిందికి." ఒక్కోసారి ఆయనకి విసుగొచ్చి "అబ్బా, ఉండవే" అనేవాడు. అని, తర్వాత తనని తనే తిట్టుకునేవాడు.

మధ్య వాటాలో ఒక నర్సు అద్దెకుంది. డ్యూటీ దిగి వచ్చాక పైకెక్కి ఆవిడ చెయ్యీ కాలూ వంచి సాగదీసి వెళ్తుంది. డబ్బు ఇవ్వబోతే తీసుకోదు. ఒకరోజు వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఆగింది.

"అంకుల్, ఆంటీని రోజూ బయట చదునైన నేల మీద నడిపించాలి. ఇలా మంచానికే ఉంటే ఇంక లేవరు. నాది ఇచ్చేద్దామంటే అదీ మెట్ల మీదే ఉంది. కింద నలుగురి మధ్య కూర్చోబెడితే మాట కూడా వస్తుంది. ఆలస్యం చేస్తే ఆ కండరాలు ఇంక మాట వినవు."

అదీ సంగతి. ఆవిడ లేవాలంటే కింది వాటా కావాలి. కింది వాటా ఆయనదే. ఇంతకన్నా తేలికైన పని లోకంలో ఇంకోటి ఉండదనుకుని ఆయన టైలర్ దగ్గరికి వెళ్లాడు.

టైలర్ మిషన్ ఆపి, స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. అంతా విన్నాడు. "పిన్నిగారి సంగతి నాకు తెలియదా బాబాయ్ గారూ? నా గుండె కూడా రాయి కాదు. కానీ నేనెక్కడికి పోను? జనం బోర్డు చూసి రారు, గుమ్మం చూసి వస్తారు. ఈ గుమ్మం వదిలితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి."

"నేను ఓనర్ని అబ్బాయ్."

"కాదన్నానా? కోర్టుకెళ్తే వెళ్లండి, నాకేం కోపం లేదు. కాకపోతే కాగితాల్లో కింద ఉంటున్నది మీరేనట కదా. మీ బావమరిది గారే ఓసారి టీ తాగుతూ చెప్పాడు. మీ ఇంట్లోంచి మిమ్మల్నే ఎలా ఖాళీ చేయిస్తారు?"

వెటకారానికి అన్నది కాదు. మామూలుగా, టీ చల్లారిపోతోంది తాగండి అన్నట్టు అన్నాడు. కండక్టర్ గారు తాగకుండానే లేచాడు.

బావమరిది గొడుగు కింద చలానాలకి గుండుసూదులు గుచ్చుతున్నాడు. ఈయన నిలబడే మొదలుపెట్టాడు. "నోట్లో నువ్వుగింజ నానదేమయ్యా నీకు?"

అతను తల దించుకున్నాడు. పడిపోయింది అతని సొంత అక్క, బాధ లేకుండా ఉంటుందా? "బావా, కోర్టుకెళ్తే ముందు వాడికి అద్దెకిచ్చానని నువ్వే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఇన్నేళ్ల పన్ను తేడా, దాని మీద వడ్డీ, ఆ పైన జరిమానా. అదంతా కట్టాలంటే ఇల్లు అమ్మాలి. ఇల్లు అమ్మితే కింది వాటా ఎక్కడిది? ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"ఆ గొయ్యి తవ్వింది నువ్వే కదా."

"తవ్వింది నేనే. పార ఇచ్చింది నువ్వు."

ఇద్దరూ ఎదురుగా ఉన్న ఆఫీసు గుమ్మం వైపు చూశారు.

కండక్టర్ గారికి ఒక ఆలోచన వచ్చింది, అదే కొంప ముంచింది. పేరు చెప్పకుండా ఊరికే అడిగి చూద్దాం, జరిమానా తగ్గించే దారేమైనా ఉందేమో అనుకుని లోపలికి వెళ్లాడు. కౌంటర్లో ఒక ఆఫీసరమ్మ ఉంది, చిన్న వయసు, చక్కగా మాట్లాడుతోంది. "మాకు తెలిసినవాళ్లు ఒకాయన ఉన్నాడమ్మా..." అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఆమె ఓపిగ్గా విని, బావమరిది చెప్పిన లెక్కే చెప్పింది, ఒక్క పైసా తగ్గకుండా. చివర్లో తల ఎత్తకుండానే "మీ ఇంటి నంబరెంత సార్?" అంది.

ముప్పై ఏళ్లు బస్సు దగ్గర నిలబడి, నంబరెంత అని అడిగిన ప్రతివాడికీ ఠక్కున చెప్పిన నోరు అది. చెప్పేసింది. ఆమె రాసుకుంది. "బుధవారం ఇల్లు చూడ్డానికి వస్తాను" అంది.

బయటికొచ్చి చెబితే బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. ఇంక చేసేదేముంది? అబద్ధానికి గోడలు కట్టడం మొదలుపెట్టారు. చిత్రమేమిటంటే అందరికంటే ముందు తోడొచ్చింది టైలరే. అద్దె సంగతి బయటపడితే రసీదులూ వస్తాయి, పెంపూ వస్తుంది, అతనికీ నష్టమే. "ఒక్క రోజు కదా బాబాయ్ గారూ, నేను సర్దేస్తా" అన్నాడు. ఒక్క ఏడాది కదా అన్న మాట ఆయనకి గుర్తొచ్చింది.

బుధవారం పొద్దున్నే మిషన్లన్నీ నర్సు వాటాలోకి ఎక్కాయి. బోర్డు దించి మంచం కిందికి తోశారు. కొలతలు రాసిన పలక తీసి ఆ మేకుకి కండక్టర్ గారి పెళ్లి ఫొటో తగిలించారు. టైలర్ పెళ్లాం దారం ముక్కలు ఊడ్చి ఊడ్చి నడుం పట్టుకుంది. పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి పోయింది. పైనుంచి బిస్కెట్ డబ్బాలు కూడా తెచ్చి అలమారాలో పెట్టారు, కాపురం ఉన్నట్టు కనిపించాలి కదా.

ఆఖరున ఆవిణ్ణి తీసుకురావాలి. కండక్టర్ గారు మంచం పక్కన కూర్చుని "కిందికి పోదాం పదవే" అన్నాడు.

ఎందుకో, ఎంతసేపటికో చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాడు. ఆ మాట వినగానే ఆవిడ ముఖం చూసి నోరు రాలేదు. ఎడం చేత్తో జుట్టు సవరించుకుంది, పెట్టె వైపు చూపించి మంచి చీర తియ్యమని సైగ చేసింది.

కుర్చీలో కూర్చోబెట్టి ముందు టైలర్, వెనక బావమరిది పట్టుకున్నారు. కండక్టర్ గారు ముందు నడుస్తూ "మెల్లగా, మలుపుంది, మెల్లగా" అంటూ దింపించాడు. కిటికీ పక్కన మంచం వేసి దిండ్లు పేర్చి కూర్చోబెట్టారు. కిటికీకి జానెడు దూరంలో వీధి.

కూరల బండామె దాటిపోబోతూ చూసి బండి ఆపింది. "ఓయమ్మా, నువ్వా? కనపడక ఎన్నాళ్లయింది తల్లీ, నా బండికి బేరమాడేవాళ్లే లేకుండా పోయారు" అంది. కళ్లు తుడుచుకుని నాలుగు టమాటాలు ఊచల్లోంచి అందించింది. ఆవిడ ఎడం చేత్తో ఒక్కొక్కటీ నొక్కి చూసింది. మెత్తగా ఉన్నదాన్ని వెనక్కి ఇచ్చేసింది. బండామె పకపకా నవ్వింది, ఆవిడ కూడా సగం నోటితో నవ్వింది. కండక్టర్ గారు వెనక గదిలోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆఫీసరమ్మ వచ్చింది. "లోపలికి జరగండి" అన్నాడు ఆయన అలవాటుగా. ఆమె గదులు చూసింది, వంటగది చూసింది. వంగి నేల మీద గుండుసూది ఒకటి తీసి "ఎవరైనా కుడతారా?" అని అడిగింది.

"మా ఆవిడ కుట్టేదమ్మా, ఒంట్లో బాగున్నప్పుడు."

ఆమె ఆయన్ని ఒకసారి చూసి, వెళ్లి మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, మీరు ఎక్కడ ఉంటున్నారు?"

ఆవిడకి వచ్చిందల్లా ఒక్కటే మాట. అది ఇప్పుడు అందంటే ఇల్లు పోయినట్టే. ఆవిడ పెదవులు కదిపింది, ఆగింది, మళ్లీ కదిపింది. ఎడం చేత్తో మంచాన్ని తట్టింది.

"ఇక్కడే" అంది. కాస్త ఆగి, "ఇల్లు. ఇక్కడే" అంది.

ఆర్నెల్లలో ఎవరూ వినని మాటలు. నర్సు చెప్పింది నిజమే అయింది, ఒక్క పూట వీధి చూస్తేనే రెండు మాటలొచ్చాయి. కండక్టర్ గారికి ఆ క్షణాన అంతా కక్కేద్దామనిపించింది. పోతే పోనీ ఇల్లు, ఎక్కడో ఒక కింది గది అద్దెకి తీసుకుంటాను అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. అద్దె ఏ డబ్బాలోంచి ఇవ్వాలో తట్టలేదు.

ఆఫీసరమ్మ లేచి రాసుకుంటూ అంది, "మీరు మంచి పని చేశారు సార్. ఎంతమందిని చూస్తున్నానో. ఇలాంటివాళ్లని అద్దె కోసం మేడ మీద పడేసి కింద షాపులకిచ్చుకుంటారు. అనుమానపడ్డాను, ఏమీ అనుకోకండి. ఇక్కడ సంతకం పెట్టండి. ఇంక ఈ వాటా గురించి మేం అడగం. కానీ దీన్ని కాదని రేపు ఇంకోలా చెబితే మాత్రం కేసవుతుంది."

ఆయన సంతకం పెట్టాడు.

ఆమె వీధి మలుపు తిరిగింది. తర్వాత టైలర్ మెట్ల దగ్గరికి వెళ్లి మొదటి మిషన్ దించుకొచ్చాడు. ఆవిణ్ణి లేపమని మాత్రం పాపం అతను తొందరపెట్టలేదు, సాయంత్రం దాకా ఆగాడు. స్కూలు యూనిఫారాలు తెల్లారేసరికి ఇవ్వాలి, పిల్లలు వచ్చేశారు, పడుకోవడానికి చోటు కావాలి. ఎంతసేపని ఆగుతాడు?

బావమరిది కుర్చీ తెచ్చి మంచం పక్కన పెట్టాడు. ఆవిడ కుర్చీని చూసింది, అందర్నీ చూసింది, ఎడం చేత్తో కిటికీ ఊచ పట్టుకుంది.

"ఇక్కడే" అంది.

"అక్కా, పద అక్కా" అన్నాడు బావమరిది.

"ఇక్కడే."

కండక్టర్ గారు ఆ వేళ్లు విడదీయబోయాడు. మంచి చెయ్యి అది ఒక్కటే, ఉన్న బలమంతా అందులోనే ఉంది. రాలేదు. ఆయన మంచం మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి లెక్కంతా ఆవిడకి చెప్పాడు. కాగితం సంగతి, పన్ను సంగతి, ఆఫీసరమ్మ సంగతి, ఇవాళ జరిగినదంతా నాటకమనీ, ఇల్లు నిలబడాలంటే వేరే దారి లేదనీ.

ఆవిడ చాలాసేపు ఆయన ముఖం వైపే చూసింది. మాట పోయిందే కానీ తెలివి పోలేదు, అంతా అర్థమైంది. తర్వాత ఊచ తనే వదిలేసింది. టమాటాలు మూడూ కిటికీ గట్టు మీదే ఉండిపోయాయి.

మెట్లెక్కుతుంటే టైలర్ రొప్పుతూ అన్నాడు, "బాబాయ్ గారూ, ఇంక ఆ ఖాళీ చేయమనే మాట..."

"అననులే" అన్నాడు కండక్టర్ గారు.

నెల తిరిగేసరికి పన్ను రసీదు వచ్చింది, కింది వాటా సొంత నివాసం అని. దాన్ని పన్ను డబ్బాలో వేశాడు. నర్సు వచ్చి కాళ్లూ చేతులూ సాగదీస్తూనే ఉంది, ఆవిడే తన వంతుగా కాలూ చెయ్యీ కదపడం మానేసింది. "ఏం అంకుల్, ఈ మధ్య అస్సలు మాట్లాడ్డం లేదా?" అని అడిగితే లేదన్నాడు.

ఒకప్పుడు విసుక్కున్న ఆ మాట కోసం ఇప్పుడు ఆయనే పొద్దున్నే కాచుకుని కూర్చుంటాడు. గ్లాసు నోటికి అందిస్తాడు, తాగుతుంది. ముఖం తుడుస్తాడు, తుడిపించుకుంటుంది. ఉండబట్టలేక ఒకరోజు తనే అన్నాడు, "కిందికి అనవే. ఒక్కసారి అడుగు."

ఆవిడ తల గోడ వైపు తిప్పుకుంది. కింద మిషన్ కుడుతున్న చప్పుడు వినపడుతోంది. ఆయన గ్లాసు కడిగి బోర్లించి, ఒకటో తారీకు కావడంతో అద్దె తెచ్చుకోవడానికి కిందికి దిగాడు.